శ్రేఢుల సూత్రాలన్నీ వచ్చు, పరీక్షలో మాత్రం చేయి ఆగిపోతోంది

ప్రశ్న: నేను ఒక ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్నాను. అంకశ్రేఢి (ఒకే సంఖ్యను కలుపుతూ పోయే వరుస), గుణశ్రేఢి (ఒకే సంఖ్యతో గుణిస్తూ పోయే వరుస) అధ్యాయాల్లోని అభ్యాసాలన్నీ పూర్తిచేశాను, సూత్రాలన్నీ కంఠతా వచ్చు. అయినా మాక్ టెస్టులో సంఖ్యల వరుస ఇచ్చి తర్వాతి పదం అడిగితే దిక్కు తోచడం లేదు. శ్రేఢుల లెక్క అయితే ఏ సూత్రం వాడాలో తేలేలోపే సమయం గడిచిపోతోంది. ఈ మధ్య 5, 11, 24, 51, 106 అనే వరుస దగ్గర చాలాసేపు ఆగిపోయి, ఆ తర్వాతి సులభమైన ప్రశ్నలు కూడా వదులుకోవలసి వచ్చింది. నేను ఇంకా ఎన్ని లెక్కలు చేయాలి? కొత్తగా షార్ట్‌కట్ సూత్రాలేమైనా నేర్చుకోవాలా?

సమాధానం: మీరు అడిగిన రెండింటికీ ముందే జవాబు చెప్పేస్తాను. కొత్త సూత్రాలు మీకు అక్కరలేదు, ఇప్పుడు చేస్తున్న తీరులోనే లెక్కల సంఖ్య పెంచుకుంటూ పోతే పెద్దగా ఒరిగేదీ లేదు. మీ సాధన అంతా అధ్యాయాల వారీగా సాగింది. అంకశ్రేఢి అధ్యాయం చివర ఉన్న లెక్కను చేసేటప్పుడు అది అంకశ్రేఢి లెక్క అని గుర్తించే భారం మీ మీద పడదు, ఎందుకంటే ఆ పని పేజీ పైన ఉన్న శీర్షికే చేసిపెట్టింది. విలువలను సూత్రంలో ప్రతిక్షేపించి గుణకారాలు పూర్తిచేయడమే మీకు మిగులుతుంది. పరీక్షాపత్రంలో అలాంటి శీర్షికలుండవు గనుక అక్కడ మొదట గుర్తించాలి, ఆ తర్వాతే గణించాలి. మీకు సాధన లేనిది సరిగ్గా ఆ మొదటి పనిలోనే. అందుచేత ఈ సమాధానంలో ఎక్కువ భాగం, సూత్రం దాకా వెళ్లేముందు సంఖ్యలను ఎలా చూడాలన్న దాని మీదే సాగుతుంది.

ముందుగా మీరు కలిపి చెప్పిన రెండు విషయాలను విడదీసుకోవాలి. రీజనింగ్ విభాగంలో వచ్చే నంబర్ సిరీస్‌లో నియమం దాగి ఉంటుంది, దాన్ని వెలికితీయడమే మీ పని. గణిత విభాగంలో వచ్చే శ్రేఢుల లెక్కలో నియమాన్ని ప్రశ్నలోనే చెప్పేస్తారు, దాని ఆధారంగా తెలియని విలువను రాబట్టాలి. మొదటిదానికి పరిశీలన కావాలి, రెండవదానికి బీజగణితం మీద పట్టు కావాలి. శ్రేఢుల సూత్రాలు ఎంత బాగా వచ్చినా సిరీస్ ప్రశ్నల్లో అవి నేరుగా అక్కరకు రావు, కాబట్టి రెండింటికీ సాధన వేరువేరుగా పెట్టుకోవడం మంచిది.

మీరు ఆగిపోయిన వరుసతోనే మొదలుపెడదాం. 5, 11, 24, 51, 106 లో పక్కపక్క పదాల భేదాలు 6, 13, 27, 55. వీటిలో క్రమం వెంటనే కనబడదు, బహుశా మీరు ఆగింది ఇక్కడే. ఈ భేదాలకు మళ్లీ భేదాలు తీస్తే 7, 14, 28 వస్తాయి, అంటే ప్రతిదీ ముందుదానికి రెట్టింపు. కనుక తర్వాతిది 56. దాన్ని 55కు కలిపితే 111, దాన్ని 106కు కలిపితే 217. ఇదే వరుసను మరో విధంగానూ చూడవచ్చు. ప్రతి పదమూ ముందున్న పదానికి రెట్టింపు కంటే కొంచెమే ఎక్కువగా ఉంది: 5ను రెట్టించి 1 కలిపితే 11, 11ను రెట్టించి 2 కలిపితే 24, ఆపైన 3, 4 కలిపితే 51, 106. కాబట్టి 106ను రెట్టించి 5 కలపాలి, అదీ 217 అవుతుంది. రెండు దారులూ ఒకేచోట కలవడంలో వింత లేదు, బీజగణితం చేసి చూస్తే రెండవ నియమం నుంచి మొదటిది నేరుగా వస్తుంది. అయితే పరీక్షలో రెండవ దారి త్వరగా ముగుస్తుంది. ఆ దారి కనబడాలంటే, భేదాలు రాయడానికి ముందే వరుస ఎంత వేగంగా పెరుగుతోందో ఒక్కసారి చూసే అలవాటు ఉండాలి.

పెరుగుదల తీరును చదవడమే సిరీస్ ప్రశ్నల్లో అసలు పని అని నా అభిప్రాయం. పదాలు నెమ్మదిగా, నిలకడగా పెరుగుతుంటే భేదాలతో పని జరుగుతుంది. 4, 7, 12, 19, 28 లో భేదాలు 3, 5, 7, 9 గనుక తర్వాతి పదం 39. ప్రతి పదమూ ముందుదానికి దాదాపు రెండు రెట్లో మూడు రెట్లో ఉంటే గుణకారానికి తోడు చిన్న కూడికో తీసివేతో ఉన్నదని అనుకోవచ్చు. వరుస మొదట తగ్గి ఆ తర్వాత పెరిగితే గుణకం ఒకటి కంటే తక్కువ దగ్గర మొదలై క్రమంగా పెరుగుతున్నదని సందేహించాలి. ఉదాహరణకు 7, 4, 5, 9, 20 అనే వరుసలో ప్రతి పదానికీ 1 కలిపి, వరుసగా 0.5, 1, 1.5, 2 తో గుణిస్తే తర్వాతి పదం వస్తోంది, కాబట్టి 21ని 2.5తో గుణించగా 52.5 వస్తుంది. జవాబులో దశాంశం కనబడగానే కంగారుపడి లెక్క మార్చేసేవారు చాలామంది ఉంటారు, ఆ పొరపాటు మీరు చేయకండి.

పదాలు ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతూ ఉంటే అవి సాధారణంగా రెండు వరుసల కలనేత. 3, 20, 6, 17, 12, 14, 24 అనే వరుసలో ఒకటి విడిచి ఒకటి చూస్తే 3, 6, 12, 24 ఒక వరుస, 20, 17, 14 మరొక వరుస, కాబట్టి తర్వాతి పదం 11. ఇలాంటి ప్రశ్నలకు వరుస పొడవే ఒక ఆనవాలు: రెండు నియమాలనూ స్థిరపరచడానికి చెరొక మూడు పదాలైనా కావాలి గనుక ఏడు, ఎనిమిది పదాలు ఇచ్చినప్పుడు ముందుగా దీన్నే పరీక్షించండి. వర్గాలు, ఘనాల దరిదాపుల్లో తిరిగే 0, 7, 26, 63, 124 వంటి వరుసలు, అంటే ఘనాల నుంచి ఒకటి తీసివేసినవి, భేదాలతోనూ తేలతాయి గాని ఘనాలు నోటికి వచ్చినవారికి చూడగానే 215 అని తోస్తుంది. ముందు రెండు పదాలను కలిపితే తర్వాతి పదం వచ్చే రకం మరొకటుంది. ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచ్చి 1202లో చెప్పాడని పేరుపడిన ఈ నియమాన్ని ఆయనకంటే ముందే, 12వ శతాబ్దంలో, జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సును లెక్కగట్టే సందర్భంలో చెప్పాడు. దీన్ని పట్టుకోవడానికి చక్కని గుర్తు ఒకటుంది: 4, 7, 11, 18, 29, 47 కు భేదాలు తీస్తే 3, 4, 7, 11, 18 వస్తాయి, అంటే భేదాల్లో ఆ వరుసే తిరిగి కనబడుతుంది. భేదాలు రాశాక వాటిని పై వరుసతో పోల్చి చూడనివారికి ఈ గుర్తు కళ్లెదుటే ఉన్నా కనబడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కొన్ని పదాలు మాత్రమే ఇచ్చినప్పుడు తర్వాతి పదం ఇదే అని గణితపరంగా ఎవరూ నిరూపించలేరు, ఎందుకంటే ఏ సంఖ్యనైనా తర్వాతి పదంగా ఇచ్చే బహుపది ఒకటి ఎప్పుడూ ఉంటుంది. 1, 2, 4, 8, 16 తర్వాత 32 అనే అందరూ అంటారు. కానీ వృత్తం మీద బిందువులు పెట్టి, వాటిని అన్ని విధాలా సరళరేఖలతో కలిపినప్పుడు వృత్తం లోపల గరిష్ఠంగా ఏర్పడే భాగాలను లెక్కిస్తే 1, 2, 4, 8, 16 తర్వాత వచ్చేది 31. ఈ విషయం చెప్పడం మిమ్మల్ని గందరగోళపెట్టడానికి కాదు. పరీక్షలో అడిగేది ఉన్న పదాలన్నింటినీ వివరించగల అతి సరళమైన నియమాన్నే. చివరి రెండు పదాలకు మాత్రమే కుదిరి, మొదటి పదాల దగ్గర మినహాయింపు కోరే నియమం మీకు తోచిందంటే అది తప్పుడు నియమమే, దానికి తగిన సంఖ్య ఆప్షన్లలో కనబడినా సరే. ప్రశ్నపత్రం తయారుచేసేవారు అలా సగం చూసి ఆగిపోయేవారి కోసమే ఒక ఆప్షన్ పెడతారు.

తప్పు పదాన్ని గుర్తించమనే ప్రశ్నలకు భేదాల పద్ధతి మరింత బాగా పనిచేస్తుంది, దాన్ని కాస్త వివరంగా చెబుతాను. 5, 8, 13, 20, 31, 40, 53 అనే వరుసను తీసుకోండి. భేదాలు 3, 5, 7, 11, 9, 13. మొదటి మూడు భేదాలను బట్టి ఇవి బేసి సంఖ్యలుగా సాగాలని తెలుస్తోంది. అయితే 9 ఉండవలసిన చోట 11, 11 ఉండవలసిన చోట 9 ఉన్నాయి, అంటే ఒక భేదం 2 ఎక్కువ, దాని పక్కది 2 తక్కువ. ఒక పదం తప్పయితే దానికి అటూ ఇటూ ఉన్న రెండు భేదాలు చెడతాయి. ఒకటి ఎంత పెరుగుతుందో రెండవది అంతే తగ్గుతుంది. ఆ రెండు భేదాలకూ ఉమ్మడిగా ఉన్న పదమే దోషి. ఇక్కడ అది 31, ఉండవలసినది 29. రెండవ భేదాల దాకా వెళ్తే 2, 2, 4, −2, 4 వస్తాయి, అన్నీ 2 కావలసినవి. వాటిలోని లోపాలు వరుసగా 2, −4, 2 గా కనబడతాయి, అంటే మధ్యలోనిది పక్కవాటికి రెట్టింపై వ్యతిరేక గుర్తుతో ఉంటుంది. మధ్యలో ఎక్కడ ఒక్క పదం తప్పినా, ఆ లోపం ఎంతైనా, రెండవ భేదాల్లో ఈ ఆకారమే వస్తుంది. తప్పు పదం వరుసకు మొదట్లోనో చివరనో ఉంటే మాత్రం ఈ ఆకారం పూర్తిగా కనబడదు, అప్పుడు నియమాన్ని రెండో కొస నుంచి మొదలుపెట్టి సరిచూడాలి.

ఇక శ్రేఢులు. అంకశ్రేఢి మీద వచ్చే ప్రశ్నలు చాలావరకు మధ్య పదాన్ని చూడగలిగితే తేలిపోతాయి. పుస్తకాలు పదాల మొత్తాన్ని కనుక్కునే సూత్రాన్ని మొదటి పదం, పదాంతరం (పక్కపక్క పదాల భేదం), పదాల సంఖ్య అనే మూడింటితో చెబుతాయి గనుక విద్యార్థులు ప్రతి లెక్కలోనూ ఆ మూడింటినీ కనుక్కోవడానికే బయలుదేరతారు. నిజానికి మొత్తమంటే పదాల సగటును పదాల సంఖ్యతో గుణించగా వచ్చేదే, అంకశ్రేఢిలో ఆ సగటు సరిగ్గా నడిమిన ఉంటుంది. ఆర్యభటుడు 499లో రచించిన ఆర్యభటీయం గణితపాదంలో ముందుగా మధ్య విలువను కట్టి, దాన్ని పదాల సంఖ్యతో గుణించి మొత్తాన్ని రాబట్టమన్నాడు. మొదటి, చివరి పదాల మొత్తాన్ని పదాల సంఖ్యలో సగంతో గుణించే దారిని ఆ తర్వాత ప్రత్యామ్నాయంగా పేర్కొన్నాడు. నేర్చుకునేవారికి ఆ క్రమమే మేలని నాకు అనిపిస్తుంది.

ఒక అంకశ్రేఢిలో 8వ పదం 12 అయితే మొదటి 15 పదాల మొత్తం ఎంత అని అడిగారనుకోండి. పదిహేను పదాలకు నడుమ ఉన్నది 8వ పదమే గనుక మొత్తం 15 × 12 = 180. మొదటి పదాన్ని, పదాంతరాన్ని కనుక్కుందామని కూర్చున్నవారికి అవి ఎప్పటికీ దొరకవు, ఎందుకంటే వాటిని విడివిడిగా తేల్చే సమాచారం ప్రశ్నలో లేనే లేదు. మరో ప్రశ్న చూడండి: మొదటి 7 పదాల మొత్తం, మొదటి 11 పదాల మొత్తం సమానమైతే మొదటి 18 పదాల మొత్తం ఎంత? సూత్రంతో రెండు సమీకరణాలు రాసి సాధించవచ్చు, కానీ ఆలోచిస్తే అంత అక్కరలేదు. మొత్తాలు సమానమంటే 8, 9, 10, 11వ పదాల మొత్తం సున్నా అన్నమాట. ఈ నాలుగింటి నడిమి చోటు 9, 10 పదాల మధ్య ఉంది. మొదటి 18 పదాల నడిమి చోటూ సరిగ్గా అదే. సగటు సున్నా గనుక మొత్తమూ సున్నాయే. ఇలాంటి లెక్క ఒక్కటి ఈ పద్ధతిలో పూర్తిగా అర్థమైతే అదే అచ్చులో ఉన్న పది ప్రశ్నలకు విడివిడిగా సూత్రాలు కంఠస్థం చేయవలసిన అవసరం పోతుంది.

మూడు సంఖ్యలు అంకశ్రేఢిలో ఉన్నాయని చెప్పి వాటి మొత్తం, లబ్ధం ఇచ్చినప్పుడు మధ్య సంఖ్యను ఆధారం చేసుకుని ఒకవైపు పదాంతరం తీసి, మరోవైపు పదాంతరం కలపాలి. మొత్తం 27, లబ్ధం 585 అయితే మధ్య సంఖ్య 9. 585ను 9తో భాగిస్తే 65, ఇది రెండు కొస సంఖ్యల లబ్ధం, అంటే మధ్య సంఖ్య వర్గం నుంచి పదాంతరం వర్గం తీయగా వచ్చేది. 9 వర్గం 81 నుంచి 65 తీస్తే 16. కాబట్టి పదాంతరం 4, సంఖ్యలు 5, 9, 13. నాలుగు సంఖ్యలైతే నడుమ ఏ పదమూ ఉండదు గనుక నడిమి విలువకు ఒక పాలు, మూడు పాళ్లు అటూ ఇటూ తీసుకుంటాం. అక్కడ అసలు పదాంతరం మనం తీసుకున్న పాలుకు రెట్టింపు అన్నది మరచిపోయి, సగం విలువను జవాబుగా గుర్తించేవారు ఎక్కువ.

పదాలను లెక్కించడంలో ఒకటి తేడా రావడం ఈ అధ్యాయంలో అన్నింటికంటే సాధారణమైన లోపం. 7తో భాగించబడే మూడంకెల సంఖ్యలు ఎన్ని అన్నప్పుడు మొదటిది 105, చివరిది 994, వాటి భేదం 889, దాన్ని 7తో భాగిస్తే 127. జవాబు మాత్రం 128, ఎందుకంటే 127 అన్నది పదాల మధ్య ఉన్న అంతరాల సంఖ్య. వరుసగా పాతిన స్తంభాలు వాటి మధ్య ఖాళీల కంటే ఎప్పుడూ ఒకటి ఎక్కువే. ఆప్షన్లలో 127 కూడా తప్పకుండా ఉంటుందని అనుకోండి.

పదాల మొత్తాన్ని సమాసంగా, అంటే బీజగణిత రూపంలో, ఇచ్చి పదాన్ని అడిగే ప్రశ్నల్లో మరో మెలిక ఉంది. మొదటి ఎన్ పదాల మొత్తం 3ఎన్² + 5ఎన్ అయితే, ఎన్ పదాల మొత్తం నుంచి దానికి ఒకటి తక్కువ పదాల మొత్తాన్ని తీసివేస్తే ఎన్‌వ పదం 6ఎన్ + 2 అని వస్తుంది, అంటే 8, 14, 20 అని సాగే అంకశ్రేఢి. ఇదే సమాసానికి చివర 1 కలిపి 3ఎన్² + 5ఎన్ + 1 అంటే ఏమవుతుంది? పదాలు 9, 14, 20 అవుతాయి. రెండవ పదం నుంచి క్రమం ఉన్నా మొదటి పదంతో కలిపి చూస్తే అది అంకశ్రేఢి కాదు. ఆ మొత్తం ఒక అంకశ్రేఢి పదాలదైతే దాని సమాసంలో స్థిరపదం ఉండదు. ఇది తెలిసినవారికి కొన్ని ఆప్షన్లు చదవగానే రాలిపోతాయి.

గుణశ్రేఢిలోనూ మధ్య పదం ఇదే పని చేస్తుంది, కాకపోతే కూడిక స్థానంలో గుణకారం ఉంటుంది. 3వ పదం 4 అయితే మొదటి 5 పదాల లబ్ధం 4 ఐదవ ఘాతం, అంటే 1024. అనంత గుణశ్రేఢి మొత్తానికి సూత్రం వాడేముందు సామాన్య నిష్పత్తి (ప్రతి పదాన్ని ముందుదానితో భాగిస్తే వచ్చేది) పరమమూల్యం, అంటే గుర్తును వదిలేసిన విలువ, 1 కంటే తక్కువేనా అని చూడడం ఒక్క క్షణం పని. చూడకపోతే 1 + 2 + 4 + 8 … మొత్తం −1 అని రాసేస్తారు. 0.272727… వంటి ఆవర్తిత దశాంశాన్ని భిన్నంగా మార్చడం కూడా ఈ సూత్రమే: మొదటి పదం 27/100, నిష్పత్తి 1/100, మొత్తం 27/99, అంటే 3/11. బంతి లెక్కల్లో మాత్రం జాగ్రత్త. 10 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన బంతి ప్రతిసారీ పడిన ఎత్తులో అయిదింట మూడు వంతులు లేస్తూ ఉంటే, ఆగేలోపు తిరిగిన మొత్తం దూరం ఎంత? లేచిన ఎత్తులు 6, 3.6, … వీటి మొత్తం 15. లేచిన ప్రతి ఎత్తు నుంచీ బంతి మళ్లీ పడుతుంది గనుక రెట్టింపు, 30. మొదటి పతనం ఒక్కసారే గనుక 10. మొత్తం 40 మీటర్లు. అంతా కలిపి రెట్టింపు చేసినవారికి 50 వస్తుంది, అసలు రెట్టింపు చేయనివారికి 25 వస్తుంది, ఆ రెండూ ఆప్షన్లలో ఉంటే ఆశ్చర్యపోకండి.

పదాల వ్యుత్క్రమాలు (1/7కు 7 లాగా) అంకశ్రేఢిగా ఉండే హరాత్మక శ్రేఢి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. దాని పదాల మొత్తానికి అంకశ్రేఢికి ఉన్నటువంటి సులభ సూత్రం లేదు కాబట్టి ఏ ప్రశ్న వచ్చినా వ్యుత్క్రమాలు తీసి అంకశ్రేఢిగా మార్చుకోవడమే దారి. 3వ పదం 1/7, 7వ పదం 1/15 అంటే వ్యుత్క్రమాలు నాలుగు అడుగుల్లో 7 నుంచి 15కు చేరాయి, పదాంతరం 2, మొదటి పదం 3, కాబట్టి 10వ పదం 1/21. రెండు ధన సంఖ్యల అంక, గుణ, హరాత్మక మధ్యమాల్లో మొదటిది మూడవదానికంటే ఎప్పుడూ తక్కువ కాదని, గుణమధ్యమ వర్గం మిగతా రెండింటి లబ్ధానికి సమానమని గుర్తుంటే చాలు. 2, 8 లకు అవి 5, 4, 3.2. అంక, గుణ శ్రేఢులు కలిసిన 1 + 2/2 + 3/4 + 4/8 … వంటి మొత్తాలకు సూత్రం కంఠస్థం చేయకండి. మొత్తంలో సగాన్ని ఒక స్థానం జరిపి కింద రాసి తీసివేస్తే 1 + 1/2 + 1/4 … మిగిలి, సగం 2 అని, మొత్తం 4 అని తేలుతుంది.

ఆప్షన్లన్నీ ఎన్‌తో కూడిన సమాసాలైతే పదాల సంఖ్యకు 1, 2 ప్రతిక్షేపించి చూడడం న్యాయమైన పద్ధతే, దాన్ని తక్కువగా చూడనక్కరలేదు. 1×2 + 2×3 + … అని ఎన్ పదాల మొత్తం అడిగి, ఎన్(ఎన్+1)(ఎన్+2)/3, ఎన్(ఎన్+1)(2ఎన్+1)/3 అనే రెండు ఆప్షన్లు ఇచ్చారనుకోండి. ఒక పదానికి రెండూ 2 అనే ఇస్తాయి. రెండు పదాల మొత్తం 8 కావాలి, మొదటిది 8 ఇస్తుంది, రెండవది 10 ఇస్తుంది. ఒక్క విలువ దగ్గరే ఆగిపోతే మోసపోతాం.

ఇప్పుడు సాధన ఎలా సాగాలో చెబుతాను. వేరువేరు అధ్యాయాల నుంచి, పాత ప్రశ్నపత్రాల నుంచి ఇరవై లెక్కలు కలగలిపి తీసుకోండి. వాటిని వెంటనే సాధించవద్దు. ప్రతి లెక్క పక్కన ‘మధ్య పదం’, ‘రెండు మొత్తాల భేదం’, ‘వ్యుత్క్రమాలు’, ‘రెట్టింపు ప్లస్ పెరిగే సంఖ్య’ అని మొదటి అడుగును సూచించే మాట ఒక్కటే రాసి, తర్వాతిదానికి వెళ్లండి. ఇరవై పూర్తయ్యాక మొదటికి వచ్చి సాధించి, మీరు రాసిన మాట సరైనదేనా చూసుకోండి. ఈ పద్ధతిలో మొదట్లో తప్పులు ఎక్కువగా వస్తాయి, అధ్యాయాల వారీగా చేసినప్పటి ఆత్మవిశ్వాసం కొంత సన్నగిల్లుతుంది. దానికి బెదరకండి, పరీక్షలో మీకు కొరవడుతున్న నేర్పు ఈ అసౌకర్యంలోనే తయారవుతుంది.

తప్పుల పుస్తకం ఒకటి పెట్టుకోండి, కానీ అందులో మొత్తం సాధన తిరిగి రాయవద్దు. తప్పు గుర్తించడంలో జరిగిందా, గణనలో జరిగిందా, ప్రశ్న చదవడంలో జరిగిందా అన్నది మాత్రం రాయండి. తప్పులు ఎక్కువగా గణనలోనే ఉన్నాయని తేలితే మీ మందు వేరు: 30 వరకు వర్గాలు, 15 వరకు ఘనాలు, 4096 వరకు 2 ఘాతాలు, 2187 వరకు 3 ఘాతాలు, 100 లోపు ఉన్న 25 ప్రధాన సంఖ్యలు, 5040 వరకు క్రమగుణితాలు (1×2×3 వంటి లబ్ధాలు) నోటికి రావాలి. సిరీస్ ప్రశ్నల్లో వీటి ఉపయోగం లెక్క తొందరగా చేయడంతో ఆగదు. 124 కనబడగానే 125 గుర్తుకు రావడం కూడా వీటి వల్లనే.

వారానికి ఒకసారి వరుసలు మీరే తయారుచేయండి. ఒక నియమం అనుకుని ఆరు పదాలు రాసి, నాలుగు ఆప్షన్లు కూడా మీరే పెట్టండి; తప్పు ఆప్షన్లు నోటికి వచ్చిన సంఖ్యలు కాకుండా ఏదో ఒక పొరపాటు నుంచి పుట్టినవై ఉండాలి. స్నేహితులతో మార్చుకుంటే మరీ మంచిది, లేకపోతే పక్కన పెట్టి నియమం మరచిపోయాక మీరే విప్పండి. ప్రశ్నపత్రం తయారుచేసేవారి చేతిలో ఉన్న నియమాలు మనం భయపడేటన్ని లేవని ఈ పని చేస్తేనే తెలుస్తుంది.

సమయం విషయంలో ఒక హద్దు పెట్టుకోండి. పెరుగుదల తీరు, మొదటి, రెండవ భేదాలు, ఒకటి విడిచి ఒకటి, వర్గ ఘనాల సామీప్యం, ఇవన్నీ చూడడానికి అలవాటైన చేతికి ఒక నిమిషం చాలు. అప్పటికీ ఏమీ కనబడకపోతే ఆ ప్రశ్నకు గుర్తు పెట్టి ముందుకు వెళ్లండి. తిరిగి వచ్చినప్పుడు మొదటిసారి రాసిన రఫ్ వర్కును చూడకుండా మళ్లీ మొదలుపెట్టడం మేలు, లేకపోతే కళ్లు అదే తప్పుదారి వెంట పోతాయి.

ఊహించి గుర్తించే విషయంలో మీ పరీక్ష నిబంధనలను చదివి ఒకసారి లెక్క వేసుకోండి. నాలుగు ఆప్షన్లలో సరైనదానికి 1 మార్కు, తప్పుకు 1/3 మార్కు కోత అయితే గుడ్డిగా గుర్తించడం వల్ల సగటున వచ్చేదీ పోయేదీ సమానం. కానీ వరుస పెరుగుదలను బట్టి ఒక్క ఆప్షన్‌ను తీసివేయగలిగినా, మిగిలిన మూడింటిలో ఒకటి ఎంచుకుంటే సగటున 1/9 మార్కు లాభం. కోత 1/4 మాత్రమే అయితే ఏదీ తీసివేయలేకపోయినా సగటున 1/16 మార్కు లాభమే. నెగెటివ్ మార్కులే లేని పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు.